రెండు బరకాలు

నాకు రాగాలు తెలియవు.
నాది మైకుసెట్టు.
ఏ పెట్టె ఎంత బరువో తెలుసు,
ఏ వైరు ఎక్కడ అతుకుపడిందో
చీకట్లో వేలుపెట్టి చెబుతాను.

అంబాజీపేట దిగువన, కోతైన చేలో
మూడు రాత్రుల కచేరీ అన్నారు.
మొదటి రాత్రి చుక్కలున్నాయి.
రెండోనాడు పొద్దున్నే తూర్పున మబ్బు,
కర్రలపొయ్యి దించిన డేగిసా అడుగులా.
"తీరం దాటేది మనకాడ కాదండి, ఒంగోలు వైపు"
అన్నాడు కమిటీ సుబ్బారాయుడు.
వాయుగుండానికి ఆ సంగతి
ఎవరూ చెప్పినట్టు లేదు.

సాయంత్రానికి చేను మళ్లీ చేనైంది.
మా బురదకో వరసుంది:
ముందు చెప్పు పట్టుకుంటుంది, తర్వాత మడమ,
ఆ తర్వాతే నువ్వెవరని అడుగుతుంది.
రాజమండ్రి నుంచొచ్చిన వయొలిన్ ఆవిడ
పెట్టె నెత్తినెత్తుకుని, ఒక్కడుగేసి ఆగిపోయింది.
నాట్లు వేసే మేరీరత్నం వెళ్లి చెయ్యందించింది.
"లాక్కండమ్మా, విరుగుద్ది.
బొటనేలు ముందు దింపి, తిప్పి తియ్యండి."
ఆ రాత్రి అందరికంటే ముందు
పాఠం చెప్పింది ఆవిడే.

పీచుమిల్లు నుంచి కొబ్బరిపొట్టు తెచ్చి పోశాం.
మింగింది.
ఊక పోశాం. మింగింది.
అరటిబోదెలు పరిచాం.
ఎక్కినవాడల్లా ముందు తాళం తప్పాడు,
తర్వాత పడ్డాడు.
ట్రాక్టరు దిగబడింది.
దాన్ని లాగడానికొచ్చిన ట్రాక్టరూ.

వేదిక మీద గుడ్డ ధారలు కడుతోంది.
గట్టు మీద పేరయ్య ధాన్యం రాశి,
పాతిక బస్తాలు, రెండు బరకాలు.
కమిటీవాళ్లు వెళ్లి నిలబడ్డారు.
ఎవరూ అడగలేదు. అడిగే మాట కాదది.
తడిసిన గింజకి రెండోరోజు మొలక,
మూడోరోజు మిల్లరు నవ్వు.

పేరయ్య చుట్ట ఆరిపోయింది. వెలిగించుకోలేదు.
"ఏం వాయిస్తాడంట?"
ఎవరూ పలక్కపోతే
"సన్నాయండి" అన్నాను.
కాసేపు రాశి వైపు చూశాడు,
పడుకున్న మనిషిని చూసినట్టు.
కొడుకులిద్దర్నీ కేకేసి, పారలతో
ఆ రాశిని ఎత్తుగా, ఇరుగ్గా కుదించాడు
ఒక్క బరకం కిందకి వచ్చేదాకా.
రెండోది భుజాన వేసుకొచ్చాడు.
కట్టింది నేనే.
నాలుగో మూలకి రాట లేదు.
ఆ మూల ఆయనే పట్టుకున్నాడు.

అప్పుడు కరెంటు పోయింది.
జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
ఇరవయ్యేళ్లలో మొదటిసారి
చేతిలో పనిలేకుండా నేనో కచేరీ విన్నాను.

డోలు తోలు మెత్తబడి
తవుడుబస్తాని కొట్టినట్టు పలికింది.
కొబ్బరిడొక్కల మంట మీద కాచారు.
ఖాసిం గారు సన్నాయి పీక మారుస్తుంటే
పాతది జారి బురదలో పడింది.
వెతకలేదు.
కొత్తది నాలుక మీద పెట్టుకుని
"ఇవాళ దీనికి తడి కరువు లేదు" అని నవ్వి
ఊదారు.

మైకు లేదుగదా, నాలుగు వరసలకైనా అందదనుకున్నాను.
కాలవ దాటి వినిపించిందని
అవతలి లంకవాళ్లు తర్వాత చెప్పారు.
జనం మోకాళ్లదాకా దిగబడి ఉన్నారు,
పోదామన్నా కాలు రాదు.
అందుకే ఉన్నారేమో.
వాన తెరిపిచ్చాక కూడా ఉన్నారు మరి.
పేరయ్య చెయ్యి వణికినప్పుడల్లా
ఆ మూల నుంచి బిందెడు నీళ్లు
నా వీపు మీద.

తెల్లారి చెప్పులు ఏరాం.
నలభై ఒకటి తేలాయి.
నా హారన్లో ఓ కప్ప
దాని గొంతు పరీక్ష చేసుకుంటోంది.
పేరయ్య రాశిలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి
గుప్పెడు తీసి వాసన చూశాడు.
అడుగున రెండు బస్తాలు వేడెక్కాయి.
ఖరీదు కట్టిస్తామంది కమిటీ.
ఆయన లెక్క వేరే.
"ఆఖర్న వాయించింది మళ్లీ వాయించమనండి.
రెక్క లాగేస్తుంటే
సగమే విన్నాను."

ఖాసిం గారు అప్పటికే
రావులపాలెం బస్సెక్కేశారు.
నేనా సంగతి చెప్పలేదు.
పెట్టెలు ఎండకి తిప్పుకుంటూ
వస్తారండి, అన్నాను.